సరుకు బండికి సాలిడ్ ఫ్లైవీలు: ఆదా ఎంత, భారం దేనిపై?

అనంతపురం కరవు పీఠభూమిలో సేద్యపు లెక్క పొలం గట్టు దగ్గర ముగియదు. పుట్టపర్తి, బుక్కపట్నం, కొత్తచెరువు ప్రాంతాల టమాటా మదనపల్లెకో, రాష్ట్రం దాటి కోలారుకో తెల్లవారేలోగా చేరాలి. పట్టుగూళ్లు హిందూపురం మార్కెట్టులో వేలం వేళకు ఉండాలి. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే దిక్కైన నేలలో చేతికందిన కొద్దిపాటి పంట దారిలో ఆగిపోతే ఆ నష్టాన్ని పూడ్చే రెండో పంట ఉండదు. కనుక సరుకు మోసే పికప్ బండి కూడా ట్రాక్టరు వలెనే సేద్యపు యంత్రమే. విస్తరణ కార్యక్రమాలలో మాత్రం దానికి ఆ స్థానం ఇంకా దక్కలేదు.

ఈ లోటు స్పష్టంగా కనిపించే సందర్భం క్లచ్ మరమ్మతు. కామన్ రైల్ డీజిల్ ఇంజను గల కొన్ని పికప్‌లలో డ్యూయల్ మాస్ ఫ్లైవీలు, అనగా రెండు దిమ్మల ఫ్లైవీలు ఉంటుంది. అది చెడినప్పుడు క్లచ్‌తో పాటు దానినీ మార్చవలసి రావడంతో ఖర్చు అనూహ్యంగా పెరుగుతుంది. అప్పుడు షెడ్డులో వినిపించే సలహా ఒక్కటే: దానిని తీసివేసి సాలిడ్ ఫ్లైవీలు బిగించుకోవడం. ఈ మార్పు తప్పు కాదు. అయితే అందరికీ ఆదా కూడా కాదు. ఏ షరతులపై అది మేలు చేస్తుందో తేల్చి చెప్పడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.

వణుకు ఎక్కడికి పోతుంది?

నాలుగు సిలిండర్ల, నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్ షాఫ్టు ఒక్కసారి తిరిగేలోగా రెండు పేలుళ్లు జరుగుతాయి. నిమిషానికి 1,000 చుట్ల వేగంలో సెకనుకు సుమారు 33 దెబ్బలు షాఫ్టుపై పడతాయి. ఆ దెబ్బల మధ్య వేగం హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఫ్లైవీలు తన బరువుతో ఆ హెచ్చుతగ్గులను కొంత అణచివేస్తుంది. మిగిలిన వణుకు గేరుబాక్సు వైపు ప్రయాణిస్తుంది.

సాలిడ్ ఫ్లైవీలు ఒకే దిమ్మ. దానితో పనిచేసే క్లచ్ ప్లేటు నడుమ ఉండే చిన్న స్ప్రింగులు మిగిలిన వణుకును మింగుతాయి. డ్యూయల్ మాస్ ఫ్లైవీలులో ఒక దిమ్మ క్రాంక్ షాఫ్టుకు, రెండో దిమ్మ క్లచ్‌కు అనుసంధానమై ఉంటాయి. రెంటి మధ్య గ్రీజులో పొడవైన వంపు స్ప్రింగులు అమరి ఉంటాయి. ఇవి క్లచ్ ప్లేటు స్ప్రింగుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కోణం మేర కదలగలవు. జర్మనీకి చెందిన లుక్ సంస్థ 1985లో దీని భారీ ఉత్పత్తి ప్రారంభించింది. తక్కువ వేగంలోనే ఎక్కువ లాగుడు శక్తినిచ్చే నేటి డీజిల్ ఇంజన్లకు ఇది బాగా కుదిరింది.

సాలిడ్‌కు మారినంత మాత్రాన ఆ వణుకు మాయం కాదు. ఫ్లైవీలులో ఆగవలసినది క్లచ్ ప్లేటుపై, గేరుబాక్సు పళ్లపై, బేరింగులపై, ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్లపై పంపిణీ అవుతుంది. కనుక ఆదా లెక్కను ఫ్లైవీలు ధరతో ముగించరాదు. గేరుబాక్సు ఆయుష్షును కూడా అందులో చేర్చాలి.

ట్రాక్టరు పోలిక

ట్రాక్టరుకు లేని ఏర్పాటు పికప్‌కు ఎందుకన్నది మెకానిక్కుల వాదన. ఇందులో కొంత సత్యముంది. సాలిడ్ ఫ్లైవీలు ముఖం గీతలు పడితే లేతు యంత్రంపై చదును చేయించవచ్చు. డ్యూయల్ మాస్ ఫ్లైవీలుకు సాధారణంగా ఆ వీలు లేదు. సాలిడ్ ఉంటే తరువాతి మరమ్మతు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగులతో ముగుస్తుంది. ఆ పని చిన్న పట్టణపు షెడ్డులోనూ జరుగుతుంది.

అయితే ట్రాక్టరు గేరుబాక్సు మొదటి నుంచీ ఆ దెబ్బలను తట్టుకొనేలా బరువుగా నిర్మించబడింది. దుక్కిలో ట్రాక్టరు ఇంజను ఎక్కువసేపు ఒకే వేగంలో నడుస్తుంది. పికప్ సంగతి వేరు. సంత రద్దీలో ఆగుతూ సాగుతూ, మిట్ట ఎక్కుతూ, ఖాళీగా వేగంగా తిరిగివస్తూ అన్ని వేగాలలోనూ నడుస్తుంది. అందువలన పోలిక సగమే నిలుస్తుంది.

ఈ చర్చ ఈ ప్రాంతానికే పరిమితం కాదు. అమెరికాలో ఫోర్డ్ డీజిల్ పికప్‌ల యజమానులు అనేకులు సాలిడ్‌కు మారారు. ఫ్రాన్సుకు చెందిన వాలియో సంస్థ ఇందుకై ఫ్లైవీలు, ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు కలిపిన నాలుగు భాగాల కిట్టునే విక్రయిస్తోంది. ఆ కిట్టులోని ప్లేటు స్ప్రింగులు సాధారణ ప్లేటు స్ప్రింగుల కంటే ఎక్కువ కదలిక గలవి. మార్పు సాధ్యమే గాని భాగాలన్నీ ఒకదానికొకటి జతపడి ఉండాలన్నది దీని సారాంశం.

ఏ షరతులపై?

మొదట బండిలో ఉన్నది నిజంగా డ్యూయల్ మాస్ ఫ్లైవీలేనా అన్నది భాగం సంఖ్యతో నిర్ధారించుకోవాలి. చిన్న సరుకు బండ్లు అనేకం సాలిడ్‌తోనే వస్తాయి. వారంటీ గడువులోని బండిని మార్చరాదు. ఇంజను స్టార్టు చేసినప్పుడు, ఆపినప్పుడు ఠక్కుమనే శబ్దం, ఐడిల్‌లో వణుకు వినిపించినా గేరుబాక్సు దించి ఫ్లైవీలు ఆటను తయారీదారు చెప్పిన కొలతతో పోల్చిన తరువాతే అది చెడిందని తీర్పు చెప్పాలి.

మార్చదలచినప్పుడు ఆ ఇంజనుకే ఉద్దేశించిన పూర్తి కిట్టు వాడాలి. డ్యూయల్ మాస్ ఫ్లైవీలుతో వచ్చే క్లచ్ ప్లేటుకు తరచుగా స్ప్రింగులు ఉండవు. పాత ప్లేటునే సాలిడ్‌పై బిగిస్తే వణుకును ఆపే భాగం ఎక్కడా మిగలదు. ఫ్లైవీలు మందం, స్టార్టరు పళ్ల చక్రం, సెన్సారు గుర్తులు సరిపోవాలి. కొత్త బోల్టులను టార్క్ రెంచితో బిగించాలి. చెడిన రెండు దిమ్మలను వెల్డింగు చేసి ఒకటిగా మార్చే పద్ధతిని మాత్రం ఏ పరిస్థితిలోనూ అంగీకరించరాదు. నిమిషానికి వేల చుట్లు తిరిగే చక్రం పగిలితే ప్రాణాపాయం.

వీటన్నిటి కంటే ముఖ్యమైనది బండి నడిపే తీరు. డ్యూయల్ మాస్ ఫ్లైవీలు సహజ కంపన వేగం ఐడిల్ కంటే దిగువన ఉంటుంది. అధిక బరువుతో, గేరు దించకుండా, ఇంజను మూలుగుతూ మిట్ట ఎక్కితే స్ప్రింగులు ఆ ప్రమాదకర వేగానికి చేరువవుతాయి. హాఫ్ క్లచ్‌పై సాగితే పుట్టే వేడికి లోపలి గ్రీజు చెడుతుంది. ఇవే అలవాట్లు సాలిడ్ అమర్చిన బండిలో గేరుబాక్సును దెబ్బతీస్తాయి. పైగా మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షను, 2019 సవరణ అనంతరం, అధిక బరువుకు 20,000 రూపాయలు, ప్రతి అదనపు టన్నుకు మరో 2,000 రూపాయల జరిమానా నిర్దేశిస్తోంది. మితిమీరిన ఒక్క లోడు మిగిల్చే బాడుగ కంటే అది పుట్టించే ఖర్చు పెద్దది.

విస్తరణ సంస్థల వంతు

మడకశిరలో వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల ఉంది. గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. పుట్టపర్తికి అందుబాటులోని ఈ రెండు సంస్థలూ కలసి ఒకే నమూనా బండ్లను రెండు రకాల ఫ్లైవీళ్లతో, ఒకే బరువుతో, ఒకే దారిలో నడిపి గేరుబాక్సుకు చేరే వణుకును, నూనెలో చేరే లోహపు పొడిని, కిలోమీటరుకు అయ్యే ఖర్చును కొలవవచ్చు. విద్యార్థుల పరిశోధనకు ఇంతకంటే నేలకు దగ్గరి అంశం అరుదు. ఆ ఫలితాలు రైతు సేవా కేంద్రాల ద్వారా ఒక్క పుట కరపత్రంగా అందాలి. షెడ్డు మెకానిక్కులకు కూడా శిక్షణలో చోటు ఇవ్వాలి. వారు రైతుకు అత్యంత సమీపంలోని సాంకేతిక సలహాదారులు. వారిని పక్కనపెట్టి ఇచ్చే సిఫారసు కాగితం మీదే మిగులుతుంది.

అంతవరకు పాటించదగిన సూత్రం సరళమైనది. గేరుబాక్సు దృఢంగా ఉండి, బండి ఎక్కువగా బరువుతో దగ్గరి దారులలో తిరుగుతూ, సరిపడే పూర్తి కిట్టు దొరికినప్పుడు సాలిడ్‌కు మారవచ్చు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా తయారీదారు ఇచ్చిన ఫ్లైవీలుకే కట్టుబడటం మేలు. ఏది బిగించినా, ఆ బండిపై పరిమితికి మించిన బరువు వేయరాదు.