టూ మచ్... ఎవరికి?

ఉప్మాలో జీడిపప్పు నాలుగు పలుకులు ఎక్కువ వేస్తే "మమ్మీ, టూ మచ్!" అదే ఉప్మాలో ఉప్పు ఎక్కువైనా "మమ్మీ, టూ మచ్!" మొదటిదానికి కళ్ళు పెద్దవవుతాయి, రెండోదానికి మూతి ముడుచుకుంటుంది. మాట మాత్రం ఒకటే. మా అమ్మాయి ముఖం చూస్తే తప్ప మెచ్చుకుందో విసుక్కుందో నాకు తెలియదు. ఫోన్లో అయితే అదీ తెలియదు.

ఫంక్షన్ హాల్లో వినండి. "ఆంటీ, మీ శారీ టూ మచ్ ఉంది" అంటే పొగడ్త. "ఆమె నగలు చూసినవా, టూ మచ్" అంటే ఎత్తిపొడుపు. పెళ్ళికొడుకు డాన్స్ టూ మచ్, మటన్‌లో కారం టూ మచ్, పెళ్ళివారి మర్యాద టూ మచ్. ఇందులో ఏది మంచికి అన్నారో, ఏది చెడ్డకు అన్నారో ఆ గొంతును బట్టి ఊహించుకోవాల్సిందే.

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఉండేవాళ్ళకు ఈ మాటలు ఎటు నుంచి వస్తాయో వేరే చెప్పక్కర్లేదు. ఒక పక్క బిట్స్, ఇంకో పక్క నల్సార్, తుర్కపల్లి దాకా జీనోమ్ వ్యాలీ కంపెనీలు. ఒకప్పుడు ద్రాక్షతోటలున్న నేలల్లో ఇప్పుడు వెంచర్లు, అపార్ట్‌మెంట్లు. మా వీధి చివర కూరగాయల బండి దగ్గర నిలబడితే హిందీ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు నాలుగూ ఒకే కొత్తిమీర కట్ట కోసం బేరమాడుతుంటాయి. టమాటా ధర చెప్పగానే నాలుగు భాషల వాళ్ళమూ కలిసే మాట "టూ మచ్ భయ్యా". నిజానికి ఆ మాటను దాని అసలు అర్థంలో వాడేది ఆ బండి దగ్గరే అనిపిస్తుంది నాకు. ధర ఎక్కువ, మేం కొనలేం. అంతే.

ఆ "లేం" గురించే నేను చెప్పదలుచుకున్నది.

బడిలో ఇంగ్లీషు గ్రామర్ రాసినవాళ్ళకు ఒక అభ్యాసం గుర్తుండే ఉంటుంది. "టూ" తీసేసి వాక్యాన్ని తిరగరాయమని అడిగేవారు. 'ద టీ ఈజ్ టూ హాట్ టు డ్రింక్' అని ఇస్తే, 'ద టీ ఈజ్ సో హాట్ దట్ ఐ కెనాట్ డ్రింక్ ఇట్' అని రాయాలి. మార్కుల కోసం బట్టీ పట్టి రాశాం గానీ, అందులో ఉన్న తమాషా అప్పుడెవరూ చెప్పలేదు. మొదటి వాక్యంలో ఎక్కడా "కాదు, లేను" అనే మాట లేదు. "టూ" తీయగానే "కెనాట్" బయటపడింది. అంటే ఆ "టూ" కడుపులో ఒక "లేను" దాక్కుని ఉందన్నమాట. "వెరీ హాట్" అంటే టీ సంగతి చెప్పినట్టు. "టూ హాట్" అంటే టీ సంగతితో పాటు తాగేవాళ్ళ నాలుక సంగతి కూడా చెప్పినట్టు. నాకు మరీ వేడైన చాయ్‌ని మా అత్తమ్మ పొయ్యి మీది నుంచి దించీ దించగానే గటగటా తాగేస్తుంది. చాయ్ అదే, గిన్నె అదే.

మన దగ్గర ఈ పని చేసే మాట "మరీ". "పులుసు చాలా పుల్లగా ఉంది" అన్నవాళ్ళు ఇంకో గరిటె వేయించుకోవచ్చు. "మరీ పుల్లగా ఉంది" అన్నవాళ్ళు గిన్నె పక్కకు జరుపుతారు. ఎవరైనా పొగిడితే మనం సిగ్గుపడుతూ "మీరు మరీనండీ" అంటాం. అందులోనూ ఒక "లేను" ఉంది, మీ పొగడ్త నేను మోయలేనని. అంటే మెచ్చుకోలుకీ విసుగుకీ ఒకే మాట వాడటం మన పిల్లలేమీ కొత్తగా కనిపెట్టలేదు. కాకపోతే "మీరు మరీనండీ"లో ఎదుటి మనిషి ఉన్నారు, వారికిచ్చే మర్యాద ఉంది. "టూ మచ్"లో అన్నదెవరో లేరు, ఎవరిని అన్నారో కూడా లేరు.

ఇక్కడ నా బీఏ తెలుగును కాస్త బయటికి తీయనివ్వండి, ఇంట్లో ఎవరూ వినరు. మనం రోజూ వాడే "చాలా" అనే మాట "చాలు" నుంచి వచ్చింది. సరిపోవడం అనే అర్థమున్న మాటలోంచే "ఎక్కువ" అనే అర్థం పుట్టింది. ఇంకా విచిత్రం, ఆ "చాలు"కే పూర్వం నుంచి శక్తి కలిగి ఉండటం అనే అర్థం కూడా ఉంది. "చెప్పజాలను", "చేయజాలడు" అని పాత పుస్తకాల్లో చదివాం కదా, ఆ "జాలు" ఈ "చాలు"కు మరో రూపమే. సరిపోవడం, ఎక్కువ కావడం, చేయగలగడం మూడూ ఒకే వేరు నుంచి మొలిచాయి. ఇంగ్లీషు వాళ్ళ "టూ"లో దాక్కున్న "లేను" మన దగ్గర బాహాటంగా కనిపిస్తూనే ఉందన్నమాట.

మాటకు బలం చేకూర్చడానికి మన భాషలో ఇంకెన్ని దారులో. చీకటి చిమ్మచీకటి అవుతుంది, కారుచీకటి అవుతుంది. అబద్ధం అయితే పచ్చిది. పేదరికం కటికది. ఎండ మండుటెండ. ఏ మాటకు తగ్గ బలం ఆ మాటకు వేరుగా ఉంది. పచ్చి చీకటి అనం, చిమ్మ అబద్ధం అనం. ఇక పగలును రెండుసార్లు చెప్తే పట్టపగలు, నడుమను రెండుసార్లు చెప్తే నట్టనడుమ, మొదటను రెండుసార్లు చెప్తే మొట్టమొదట. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ద్విరుక్తటకార సంధి అని చదివింది ఇదే. పేరు చూసి భయపడ్డాం గానీ, మా అమ్మ దాన్ని చదవకుండానే రోజూ వాడేది: "పట్టపగలు పండుకుంటవేంది లే!"

ఇదంతా చెప్పానని భాష పాడైపోతోందని నేను గుండెలు బాదుకుంటున్నానని అనుకోకండి. తెలంగాణలో పుట్టి "మస్తు" అనకుండా పెరిగినవాళ్ళెవరు? ఆ మస్తు ఫారసీ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం మత్తులో ఉన్న అని. మనకది "ఎంతో" అయి కూర్చుంది. జబర్దస్తు కూడా అటు నుంచి వచ్చిందే. ఇంగ్లీషు వాళ్ళ "వెరీ" మాత్రం వాళ్ళ సొంత సొత్తా? ఫ్రెంచి నుంచి వెళ్ళింది, ఒకప్పుడు "నిజమైన" అనే అర్థముండేది. బలం కోసం ఎరువు తెచ్చుకోవడం అన్ని భాషలూ చేసే పనే. "మస్తు"కు చోటిచ్చిన ఇంట్లో "టూ మచ్"కు కూడా చోటుంటుంది.

నా పేచీ ఆ మాట టమాటాల మీంచి మనుషుల మీదికి వచ్చినప్పుడే.

టమాటా ధర టూ మచ్ అంటే కొనలేనిది ఎవరో తెలుసు. మనిషిని టూ మచ్ అంటే ఆ "లేను" ఎవరిదో కనపడదు. అప్పగింతల్లో ఏడుస్తున్న పిల్లను చూసి కుర్చీల్లో ఎవరో "టూ మచ్ రా బాబూ" అంటారు. పండక్కి వచ్చిన కోడలు ఇంకో రెండు రోజులు పుట్టింట్లో ఉంటానంటే టూ మచ్. పనిమనిషి రాని వారంలో నడుము పట్టేసిందంటే టూ మచ్. మరి ఎంత ఏడిస్తే సరిపోతుంది, ఎన్ని రోజులుంటే సరిపోతుంది, ఎంత నొప్పయితే నొప్పి? ఆ కొలత ఎక్కడుందో ఎవరూ చూపించరు. చూపించాల్సిన అవసరం లేకుండా చేయడమే ఆ మాట గొప్పతనం.

వెనకటికి కూడా అనేవాళ్ళు, అనకపోలేదు. "నకరాలు జెయ్యకు", "ఎక్స్‌ట్రాలు జెయ్యకు", "ఎచ్చులకు పోకు". అవి సూదుల్లా గుచ్చుకునేవి. గుచ్చుకునేవి కాబట్టే తిరిగి అనడానికి కూడా వీలుండేది: "ఏం నకరాలు జేసిన్నో చెప్పు!" టూ మచ్ అలా కాదు. నవ్వుతూ అంటారు. తిరిగి అడిగితే "అరె, జోక్ చేసిన" అంటారు. ఇంకా అడిగితే ఆ అడగడమే టూ మచ్ అయి కూర్చుంటుంది.

మా కాలనీలో నన్ను అక్కా అని పిలిచే ఒకామె ఉంది, నలభై దాటింది. ఏడాదిగా నెలసరి వస్తే పది రోజులకు తగ్గేది కాదు. రెండో అంతస్తు ఎక్కేసరికి గోడ పట్టుకుని నిలబడేది. భర్త చెడ్డవాడు కాదు. కూరగాయలు తెస్తాడు, పిల్లల ఫీజులు ఒకరోజు ఆలస్యం కానివ్వడు. కానీ ఆమె పడుకున్నప్పుడల్లా ఆయన నోట ఒకటే మాట, "ప్రతి నెలా ఇదే కథ, టూ మచ్ చేస్తున్నవ్." ఆమె కూడా మెల్లగా అదే నేర్చుకుంది. "నేనే టూ మచ్ చేస్తున్ననేమో అక్కా, అందరికీ ఉండేదే కదా" అని నాతో అంది. చివరికి ఒకరోజు పాలప్యాకెట్ కోసం కిందికి దిగి మెట్ల మీదే కూలబడితే తీసుకెళ్ళి పరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 6.4. మనకు 12 ఉండాలి. 8 కంటే తగ్గితేనే తీవ్రమైన రక్తహీనత అంటారు. గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు, రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు.

ఇది ఆమె ఒక్కదాని కథ అయితే ఇక్కడ రాయకపోదును. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. సగం కంటే ఎక్కువ. మన కిట్టీ పార్టీలో పదిమంది కూర్చుంటే ఐదారుగురు. వాళ్ళలో ఎంతమందికి "అలసట" అనే మాట నోట్లోంచి రాకముందే "టూ మచ్" ఎదురవుతోందో ఏ సర్వే అడుగుతుంది? ఆయన ఆ రోజు ఆ మాటను పూర్తిచేసి "నువ్వు పడుకుంటే ఇల్లు నేను చూసుకోలేను" అని ఉంటే, కనీసం అది నిజమయ్యేది. దానికి ఏదో ఒక జవాబు దొరికేది. వంటమనిషిని పెట్టుకునేవారో, డాక్టర్ దగ్గరికి ముందే వెళ్ళేవారో.

అయితే ఇదే మాట ఆడపిల్ల చేతికి వచ్చినప్పుడు ఎలా పనిచేస్తుందో కూడా చూశాను. మొన్న ఒక గృహప్రవేశంలో దూరపు చుట్టం ఒకాయన మా బంధువులమ్మాయిని పట్టుకుని "ఏంది బిడ్డా గింత నల్లబడ్డవ్, ఇగ సంబంధాలెట్ల వస్తయ్" అన్నాడు, పదిమందిలో. ఆ పిల్ల నవ్వలేదు, అరవలేదు. "అంకుల్, దిస్ ఈజ్ టూ మచ్" అని ప్లేటు పట్టుకుని వెళ్ళిపోయింది. ఆయన నోరు మూతపడింది. అదే మాట తెలుగులో చెప్పాలంటే ఆ పిల్ల "మీరు" అనాలా "నువ్వు" అనాలా, మామయ్యా అనాలా బాబాయ్ అనాలా అని చూసుకోవాలి. ఏది అన్నా పెద్దవాళ్ళకు ఎదురు చెప్పిందనేవాళ్ళు. ఇంగ్లీషులో ఆ వరసల బెడద లేదు. ఆమెకు కావలసిన "నేను భరించలేను" ఆ రెండు మాటల్లో ఉంది. ఆమె ఏ మాట పూర్తిచేయకపోయినా భరించలేనిది ఎవరో అక్కడున్న అందరికీ అర్థమైంది.

ఆమె ఆ మాటతో తన హద్దు చెప్పింది. పక్కింటి భర్త అదే మాటతో ఆమె హద్దు తాను గీశాడు. తేడా మాటలో లేదు కాబట్టి మాటను బహిష్కరించి లాభం లేదు.

అందుకని మా ఇంట్లో ఆ గ్రామర్ అభ్యాసాన్ని మళ్ళీ మొదలుపెట్టాను. ఎవరైనా మనిషి గురించి టూ మచ్ అంటే "టు ఏం?" అని అడుగుతాను. వాక్యం పూర్తిచేయాలి. మొదట్లో విసుక్కున్నారు. "మమ్మీ క్లాస్ షురూ" అన్నారు. ఇప్పుడు కాస్త గాడిలో పడింది. వాళ్ళ నాన్న గురించి "డాడీ టూ మచ్" అన్న మా అమ్మాయి, కాసేపాగి "టూ మచ్ టు... ఫ్రెండ్స్ ముందర నన్ను చిట్టీ అని పిలిస్తే నాకు సిగ్గయితది" అంది. ఆ సంగతి మా ఆయనకు అప్పటిదాకా తెలియనే తెలియదు. ఇప్పుడు బయట పూర్తి పేరుతో పిలుస్తున్నారు, మధ్య మధ్య నాలుక కరుచుకుంటూ.

మా అత్తమ్మకు మాత్రం ఈ పాఠం అక్కర్లేకపోయింది. సంక్రాంతి అయ్యాక మా పెద్దవాడు పుణె బయల్దేరుతుంటే సకినాలు, గారెప్పలు, మడుగులు డబ్బాల మీద డబ్బాలు కుక్కుతోంది. వాడు తల పట్టుకుని "నానమ్మా, టూ మచ్!" అన్నాడు. ఆవిడ చేతిలోని డబ్బా కింద పెట్టకుండానే అడిగింది: "ఎవలకెక్వ? నీకా, నీ సంచికా?"

వాడు జిప్పు లాగి చూశాడు. సంచికే అన్నాడు. ఒక డబ్బా తీసి పక్కన పెట్టి, దాంట్లోవి నాలుగు సకినాలు జేబులో వేసుకున్నాడు.