అంకెను నిందించే ముందు

మజ్జిగ చిక్కగా ఉన్నదో, పలచగా ఉన్నదో నాలుక చెబుతుంది. ఇంజనులో మండుతున్న పెట్రోలు, గాలి కలయిక ఎటువంటిదో చెప్పడానికి అటువంటి నాలుక ఒకటి కావాలి. పొగగొట్టంలో బిగించే ఆక్సిజన్ సెన్సరు చేసేది ఆ పనే. పెట్రోలు పాలు హెచ్చయితే ఇంగ్లీషులో ‘రిచ్’ అంటారు, తగ్గితే ‘లీన్’ అంటారు. అనువాదకుడు నిఘంటువు తెరిస్తే ‘సంపన్నం’, ‘కృశం’ అనే మాటలు దొరుకుతాయి గాని, ఇంజను సంగతి వాటితో బోధపడదు. కనుక ఇక్కడ మజ్జిగ భాషనే వాడుకొని చిక్కన, పలచన అని చెప్పుకుందాం.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. 1976లో వోల్వో కార్లలో బాష్ సంస్థ సెన్సరు ప్రవేశించినప్పుడు, అది మిశ్రమం ఈ హద్దుకు ఇవతల ఉన్నదో, అవతల ఉన్నదో మాత్రమే చెప్పగలిగేది. ఎంత దూరాన ఉన్నదో కూడా అంకెలలో చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్లు 1990లలో కార్లకు వచ్చాయి. దానిలోని జిర్కోనియా అనే పింగాణీ వంటి పదార్థం బాగా వేడెక్కితే ప్రాణవాయువు అయాన్లను తనగుండా పోనిస్తుంది. 1920 సంవత్సరానికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన వాల్టర్ నెర్న్‌స్ట్, 1897లో తన విద్యుద్దీపానికి వాడుకున్నది కూడా ఈ జాతి పదార్థాన్నే. సెన్సరు లోపలి చిన్న గదిలో సమతూకం నిలపడానికి ప్రాణవాయువును ఎంత తోడవలసి వచ్చిందో, ఆ విద్యుత్ప్రవాహమే మనకు అంకెగా కనిపిస్తుంది.

కంపెనీ అమర్చిన తీరున నడిచే కారు యజమానికి ఈ అంకెతో అట్టే పని ఉండదు. టర్బో తగిలించినవారికీ, ఇంజెక్టర్లు మార్చినవారికీ అదే దిక్కు. అంకె పలచన అంటే వారు పెట్రోలు పెంచుతారు, చిక్కన అంటే తగ్గిస్తారు. ఆ అంకె తప్పయితే దిద్దుబాటే ప్రమాదం తెస్తుంది. అనవసరంగా పెంచిన పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగివేస్తుంది. అనవసరంగా తగ్గిస్తే, బరువు మీద ఇంజను కొట్టుకొని పిస్టను కరిగిపోవచ్చు. ఇటువంటి మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ హద్దులు విధించిందన్న సంగతి కూడా మరువరాదు.

అండమాన్ దీవులలో ఈ సమస్యకు మరికొన్ని చిక్కులు తోడవుతాయి. 2011 జనగణన ప్రకారం అక్కడ నూటికి సుమారు పదముగ్గురి మాతృభాష తెలుగు. విశాఖపట్నం నుంచి శ్రీవిజయపురానికి, అంటే 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచిన పట్టణానికి, సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. విడిభాగం కావాలంటే ఓడ కోసమో, విమానం కోసమో ఎదురుచూడాలి. ‘సెన్సరు పాడైంది, మార్చేద్దాం’ అనడం అక్కడ ఖరీదైన మాట. అందుచేత ఒక వరుసలో పరీక్షించడం మేలు.

మొదట అడగవలసింది ఆ అంకెకు అర్థమేమిటని. మీటరుకు ఏ ఇంధనం వాడుతున్నారో తెలియదు. తగినంత గాలికి, ఉన్న గాలికి గల నిష్పత్తిని కొలిచి, పెట్రోలు లెక్కన 14.7తో హెచ్చవేసి చూపుతుంది, అంతే. నూటికి 20 పాళ్లు ఇథనాల్ కలిసిన పెట్రోలుకు నిజంగా కావలసిన గాలి సుమారు 13.5 పాళ్లే. అయినా మిశ్రమం సరిగా ఉంటే మీటరు 14.7 అనే చూపుతుంది. 2019 ఏప్రిల్ 1న ఇథనాల్ కలిపే పథకాన్ని దేశమంతటికీ విస్తరించినప్పుడు అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌లను మినహాయించారు. ఇథనాల్ పెట్రోలుకు సరిచూసిన కారు ఓడ దిగి, ఇథనాల్ లేని పెట్రోలు పోయించుకున్నదనుకోండి. పాత లెక్కనే ఇంజెక్టర్లు చిమ్ముతుంటే, దానంతట అది సర్దుకొనని అమరికలో మిశ్రమం నూటికి ఎనిమిది పాళ్లు చిక్కబడుతుంది. మీటరు 13.5 చూపుతుంది. సెన్సరు చెడిపోయిందని యజమాని అనుకుంటాడు గాని, అది నిజమే చెబుతోంది.

రెండవది, గొట్టంలో సందులు. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పుపడుతుంది; గొట్టాల అతుకులు, గాస్కెట్లు ముందుగా దెబ్బతింటాయి. సెన్సరుకు ముందు చిన్న సందున్నా, పొగ తరగల నడుమ బయటి గాలి లోపలికి చొరబడుతుంది. సెన్సరు ఆ ప్రాణవాయువును చూసి పలచన అంటుంది. దీనికొక గుర్తు ఉన్నది: నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు తప్పు ఎక్కువగానూ, వేగం పెంచి బరువు వేస్తే తక్కువగానూ ఉంటుంది. చల్లటి ఇంజనును ఆరుబయట తిప్పి, అతుకుల మీద సబ్బునీరు పూస్తే బుడగలు లేస్తాయి. గొట్టం మరీ పొట్టిదైతే దాని కొసనుంచి కూడా గాలి వెనక్కు రాగలదు.

మూడవది, మంట తప్పడం. ప్లగ్గు సరిగా నిప్పు రాజేయకపోతే పెట్రోలుతో పాటు ప్రాణవాయువు కూడా మండకుండా బయటికి వస్తుంది. సెన్సరు చూసేది ప్రాణవాయువును. అందుచేత పచ్చి పెట్రోలు వాసన గుప్పుమంటున్నా పలచన అనే అంటుంది. అంకెను నమ్మి ఇంకా పెట్రోలు పెంచితే కథ ముదురుతుంది. ముందు ప్లగ్గులు, కాయిళ్లు చూడాలి.

నాలుగవది, తీగలు. మీటరు ఒక అంకె, ఇంజను కంప్యూటరు వేరొక అంకె చూపుతూ, ఆ తేడా ఎప్పుడూ ఒకే తీరున ఉంటే ఎర్తును అనుమానించాలి. సున్న నుంచి 5 వోల్టులతో 10 నుంచి 20 వరకు సూచించే అమరికలో, ఎర్తులో 0.1 వోల్టు తేడా వస్తే అంకెలో 0.2 తప్పుతుంది. రెండింటి ఎర్తునూ ఒకేచోట కలపాలి. కనెక్టరులో చిలుము పట్టిందేమో చూడాలి. అంతేగాని దానిని కోసి తీగలు ముడివేయరాదు. చాలా బాష్ సెన్సర్లలో ఆ సెన్సరుకే సరిచూసిన నిరోధకం కనెక్టరులోనే ఉంటుంది.

అయిదవది, బిగించిన తీరు. సెన్సరు గొట్టం పైభాగాన, క్షితిజరేఖకు కనీసం 10 డిగ్రీల ఎత్తున వాలి ఉండాలి. తేమగాలిలో చిన్న ప్రయాణాలు చేసే కారు గొట్టంలో నీరు నిలుస్తుంది. 700 డిగ్రీలు దాటి కాలిన పింగాణీ మీద నీటిచుక్క పడితే పగులుతుంది. టర్బో ఉంటే సెన్సరు దాని తరువాతనే ఉండాలి. ముందుండే ఒత్తిడి, వేడి అంకెను చెదరగొడతాయి.

చివరకు సెన్సరును విప్పి, స్వచ్ఛమైన గాలిలో వేడెక్కనిచ్చి పరీక్షించాలి. పొడిగాలిలో ప్రాణవాయువు 20.9 శాతం. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న నాడు అది 20.2కు దిగుతుంది. తేడా స్వల్పమే అయినా, గాలిలో సరిచూడవలసిన రకం సెన్సరును జడివాన రోజున, పెట్రోలు ఆవిరి నిండిన షెడ్డులో సరిచూడడం తగదు. పరిశుభ్రమైన గాలిలోనూ అంకె నిలకడ లేకపోతే, అప్పుడు తప్పు సెన్సరుదే. సిలికోన్ గాస్కెట్ పేస్టు ఆవిరి, మండిన ఇంజను నూనె దానికి విషంతో సమానం. మంచి సెన్సరు ఎరువు దొరికితే అదే దారిన, అదే వేగాన నడిపి రెండు అంకెలనూ పోల్చిన తరువాతనే కొత్తదానికి కబురు పంపాలి.

సెన్సరుకు తెలిసింది తన ముందుకు వచ్చిన ప్రాణవాయువు ఒక్కటే. అది ఇంజనులో మిగిలినదా, సందులోనుంచి దూరినదా అన్నది తేల్చవలసినవాడు పానా పట్టిన మనిషి. ఆ విచారణ జరిగేవరకు పెట్రోలు లెక్కను ముట్టుకోకపోవడమే క్షేమం.