ఊరగాయ పెట్టుటకు పట్టా యెందులకు?

గత మాసమున మన సంఘ కార్యవర్గము విద్యార్థి వేతనముల విషయమై సమావేశమైనప్పుడు ఒక దరఖాస్తు చదువబడినది. రసాయన శాస్త్రము ప్రధానముగా బి.ఎస్సి. పూర్తిచేసిన మన బాలిక యొకతె ఆహార శాస్త్రమున ఎం.ఎస్సి. చదువుటకు సహాయము కోరినది. అది వినినంతనే పెద్దలొకరు, "ఊరగాయ పెట్టడానికి పట్టా ఎందుకయ్యా? మా అమ్మ యాభై ఏళ్లుగా పట్టా లేకుండానే పెడుతున్నది కదా!" అనిరి. సభ నవ్వినది. దరఖాస్తు ప్రక్కన పెట్టబడినది. ఇంజనీరింగునకును, వైద్యమునకును వచ్చిన దరఖాస్తులు మాత్రము ఐదు నిమిషములలో అంగీకరింపబడినవి.

నేనును ఆనాడు అచ్చటనే యుంటిని. నోరు మెదపలేదు. ఇంటికి వచ్చిన పిదప ఆ నవ్వు నన్ను నిద్రపోనీయలేదు. నాడు చెప్పవలసిన మాటలను నేడు ఈ పత్రికా ముఖమున చెప్పుచున్నాను. రాబోవు సర్వసభ్య సమావేశమున ఆ దరఖాస్తును మరల చేపట్టవలెనని కోరుటయే నా యుద్దేశము.

మొదట మన మెవరమో తలచుకొందము. తరతరముల క్రిందట కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ సీమలకు వచ్చి స్థిరపడిన మనలో అనేకులము దేనివలన బ్రతికితిమి? నూనె గానుగలు, బియ్యపు మిల్లులు, మిరపకాయల మండీలు, బెల్లము కొట్లు, పప్పు ధాన్యముల అంగళ్లు, కాఫీ హోటళ్లు, భోజనశాలలు. పరులకు అన్నము పెట్టు వృత్తులే మనకు అన్నము పెట్టినవి. అట్టి మనము ఆ అన్నమును గూర్చిన శాస్త్రమును వంటింటి ముచ్చటయని నవ్వుట, కూర్చున్న కొమ్మను నరకుకొనుట కాదా?

నా కథ చెప్పెదను. నేను ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవాడను. వేరుసెనగ పప్పును గుప్పిట పట్టి, రెండు గింజలు నోట వేసికొని, దాని తేమయెంతో, నూనె యెంతో చెప్పగలనని నాకు గర్వముండెడిది. 2017వ సంవత్సరమున విదేశపు ఎగుమతికై ఒక లారీ పప్పు పంపితిని. రంగు మంచిది, రుచి మంచిది. కొలది దినములకు ప్రయోగశాల నుండి చీటీ వచ్చినది. ఆఫ్లటాక్సిన్ అను విషము పరిమితికి మించి యున్నందున సరుకును అంగీకరింపమని దాని సారాంశము. ఆ పేరు నేను వినుట అదియే మొదలు.

తరువాత విచారించి తెలిసికొంటిని. వేరుసెనగ చేను పీకిన పిమ్మట కాయ సరిగా ఎండకున్నను, గిడ్డంగిలో తేమ తగిలినను, ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు దానిపై పెరుగును. ఆ బూజు పుట్టించు విషమే ఆఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోళ్లు కారణము తెలియక చచ్చినప్పుడు, వాటికి మేపిన వేరుసెనగ చెక్కపిండిని పరీక్షించుటవలన శాస్త్రజ్ఞులకు ఈ విషము జాడ దొరికినది. ఇది కాలేయమున క్యాన్సరు కలిగించును. వేయించినంత మాత్రమున పూర్తిగా నశింపదు. నేరుగా తిను వేరుసెనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి ఐరోపా సమాఖ్య ఒప్పుకొనదు. అనగా ఒక గ్రామును పది లక్షల భాగములు చేసినచో, అందు నాలుగు భాగములు. దీనిని గుప్పిట పట్టి చెప్పగల వర్తకుడు ఇంతవరకు పుట్టలేదు.

ఇక తలవంచుకొని చెప్పవలసిన మాట యొకటి కలదు. తిరిగి వచ్చిన సరుకును నేనేమి చేసితిని? కాల్చలేదు, పూడ్చలేదు. ఊరి బజారున అమ్మితిని. అచ్చట అడుగువారు లేరు. విదేశమున బిడ్డలకు పనికిరానిది మన వీధి బిడ్డల చిక్కీలోనికి పోయినది. తెలియక చేసితినని నేను చెప్పుకొనజాలను. చీటీ నా చేతిలోనే యుండెను. కాని ఆ చీటీ యర్థమును నాకు విప్పి చెప్పి, "ఇది అమ్మవద్దు, రైతు చేత ఇట్లు ఎండబెట్టించినచో వచ్చు పంటయైనను దక్కును" అని నా చేయి పట్టి ఆపగలవారు మన సంఘమున నాడొక్కరును లేరు. నేటికిని లేరు. అట్టివారు కావలెనని ఒక బాలిక వచ్చి అడిగిన, మనము నవ్వితిమి.

ఇప్పుడు ఊరగాయ మాటకు వత్తము. పెద్దల మాట నిజమే. ముక్కకు తడి తగులరాదు, ఉప్పు తగ్గరాదు, నూనె పైకి తేలవలెను, జాడీలో తడి గరిటె పెట్టరాదు అని మన తల్లులు ఏ కళాశాలకును పోకయే యెరుగుదురు. కాని ఆ తల్లి పెట్టినది ఒక జాడీ. తినినది ఆమె యిల్లు. వేయి జాడీలు పెట్టి, సీసాలకెత్తి, ఏడాది వరకు చెడదని చీటీ అతికించి, సముద్రము దాటించి అమ్మదలచిన వానిని "మా యమ్మ చెప్పినది" అను మాట కాపాడదు. పులుపు కొలత యగు పి.హెచ్. 4.6 కంటె తక్కువగా నున్నచో, బొట్యులిజమను ప్రాణాంతక వ్యాధికి మూలమైన సూక్ష్మజీవి పెరిగి విషము పుట్టింపజాలదు. ఉప్పు ముక్కలోని నీటిని సూక్ష్మజీవులకు అందకుండ చేయును. ఈ యేడు కాయలో పులుపు తగ్గినచో ఏమి చేయవలెను? ఉప్పు తగ్గింపుమని కొనువాడు కోరినచో దానికి బదులు ఏమి మార్చవలెను? అమ్మ యనుభవము ప్రశ్నను చూపును. జవాబు ప్రయోగశాలలో తేలును.

ఎం.ఎస్సి. ఆహార శాస్త్రమనగా వంట పాఠము కాదు. మాంసకృత్తులు, కొవ్వులు, పిండిపదార్థములు వేడికిని, నిలువకును ఎట్లు మారునో తెలుపు రసాయన శాస్త్రము, సూక్ష్మజీవ శాస్త్రము, ఎండబెట్టుట, చల్లబరచుట, ఆవిరి పట్టుట మొదలగు యంత్ర ప్రక్రియలు, ప్యాకింగు, నాణ్యతా పరీక్ష, ఆహార చట్టము. ఇవి యన్నియు చదివి, తుదకు ఒక సమస్యను చేపట్టి స్వయముగా శోధింపవలెను. బి.ఎస్సి. చాలదాయని కొందరందురు. ఇతరులు వ్రాసి యుంచిన పరీక్షను చేసి చూపుటకు బి.ఎస్సి. చాలును. సరుకు ఎందులకు చెడినదో కనుగొని, చెడకుండ మార్గము వేయుటకు ఆపై చదువు కావలెను. మనకు కావలసినది ఆ రెండవదియే.

ఈ శాస్త్రమునకు తెలుగువారు పడిన బాకీ కూడ పాతది. బ్రిటిషువారి కాలమున ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలి యుండెడిది. చంటిబిడ్డలు సైతము దానివలన మరణించిరి. ఉప్పుడు బియ్యము తిను తమిళ ప్రాంతములలో అది అరుదు. కారణమేమి? సర్కారువారు పచ్చి వడ్లను మరపట్టించి తెల్లగా పాలిషు చేసిన బియ్యము తినిరి. తవుడుతో పాటు బి1 విటమిను పోయినది. వడ్లను నానబెట్టి ఉడికించినచో ఆ విటమిను గింజ లోపలికి దిగి, పాలిషు పట్టినను కొంత నిలుచును. నీలగిరులలోని కూనూరు ప్రయోగశాలలో ఆక్రాయిడ్ మొదలగు శాస్త్రజ్ఞులు ఈ విషయమును విశదపరచిరి. 1918లో బెరిబెరి విచారణగా మొదలైన ఆ కూనూరు సంస్థయే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వర్ధిల్లుచున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లమునే ఇటీవలి సంవత్సరములలో ఇనుముతోను, బి12 విటమినుతోను చేర్చి రేషను బియ్యమున పంచిరి. మన మిల్లుల యజమానులలో పాలిషు ఎంత పట్టిన ఎంత ధర పలుకునో తెలియనివారు లేరు. ఏమి పోవుచున్నదో తెలిసినవారెందరు?

ఈ విద్యకై మనము దేశాంతరము పోనక్కరలేదు. మైసూరులోని చెలువాంబ భవనమున 1950లో స్థాపింపబడిన కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ కలదు. గేదె పాలతో శిశువుల పాలపొడి తయారుచేయు పద్ధతిని కనుగొనినది ఆ సంస్థయే. తమిళనాట తంజావూరులో, వరి ప్రాసెసింగు పరిశోధన కేంద్రముగా పుట్టి పెరిగి, 2021 చట్టమువలన జాతీయ ప్రాముఖ్యము పొందిన ఆహార సాంకేతిక సంస్థ కలదు. ముంబయిలో రసాయన సాంకేతిక సంస్థ, ఒడిశాలో రూర్కెలా ఎన్.ఐ.టి., యానాము వారికి అందుబాటున బాపట్ల కళాశాల కలవు. మన సోదరులున్న ప్రతి సీమకును ఒక ద్వారము తెరచియే యున్నది. లోనికి పోవువారే లేరు.

జీతము తక్కువయని ఆక్షేపణ. మొదటి రెండు మూడు సంవత్సరములు కంప్యూటరు ఉద్యోగికంటె తక్కువ వచ్చుట నిజమే. దాచి లాభము లేదు. కాని 2006 ఆహార భద్రతా చట్టము క్రింద లైసెన్సు పొందిన ప్రతి తయారీదారుడును, ఉత్పత్తిని పర్యవేక్షించుటకు తగిన శాస్త్ర పట్టా గల వ్యక్తి నొకరినైనను నియమింపవలెనని నిబంధన కలదు. ఒకరి పట్టాను అరువు తెచ్చి గోడకు తగిలించి, అధికారి వచ్చినప్పుడు మాత్రము ఆ వ్యక్తిని పిలిపించువారు మనలో లేరా? గుండెపై చేయి వేసికొని చెప్పుడు. ఆ కుర్చీలో మన బిడ్డయే కూర్చుండి, అక్కరయైనచో "నాన్నగారూ, ఈ సరుకు వద్దు" అని చెప్పగలిగిన, అది జీతముతో కొలువదగినది కాదు.

భాష అడ్డమని మరియొక ఆక్షేపణ. అడ్డము కాదు, బలము. ఆహార భద్రతాధికారి పదవికి ఆహార సాంకేతిక పట్టా అర్హతలలో నొకటి. ఆ నియామకములు రాష్ట్రములే చేయును. మన బిడ్డలు బడిలో కన్నడమో తమిళమో చదువుచున్నారు, ఇంట తెలుగు మాటలాడుచున్నారు, కళాశాలలో ఆంగ్లము నేర్చుచున్నారు. పావగడ రైతుతో తెలుగున మాటలాడి, ప్రభుత్వపు ఉత్తరువును కన్నడమున చదివి, నివేదికను ఆంగ్లమున వ్రాయగలవారు మనకంటె ఎవరు?

ఆడపిల్ల యను ఆక్షేపణను ఎవరును పైకి అనలేదు. ఆ నవ్వులో అదియే యున్నది. అదే దరఖాస్తును ఒక బాలుడు పెట్టినచో "ఫ్యాక్టరీ పెట్టునేమో" అని యుందుము.

ఒక హెచ్చరిక మాత్రము చేయవలసి యున్నది. ఆహార శాస్త్రమను బోర్డు తగిలించిన ప్రతి కళాశాలయు మంచిది కాదు. ప్రయోగశాలను కంటితో చూచి, అచ్చట చదివినవారు ఎచ్చట పనిచేయుచున్నారో విచారించి, పిదపనే రుసుము కట్టుడు. వేతనమిచ్చు సంఘమును ఆ మాత్రము విచారణ చేయవలెను.

సర్వసభ్య సమావేశమున నేను మూడు తీర్మానములు ప్రతిపాదింపనున్నాను. ప్రక్కన పెట్టిన దరఖాస్తును వెంటనే అంగీకరింపవలెను. ప్రతి సంవత్సరము సంఘ నిధినుండి ఇద్దరికి ఆహార శాస్త్రమున స్నాతకోత్తర విద్యకు వేతనమీయవలెను. ఆ విద్యార్థులకు సెలవులలో మన మిల్లులు, గిడ్డంగులు, వంటశాలలు తెరచి, తప్పులు చూపినను కోపగింపక నేర్చుకొననీయవలెను. మొదటి వేతనములో సగము నేను భరించెదను. అది దానము కాదు. 2017లో నేను అమ్మిన లారీ సరుకునకు చెల్లించుకొను బాకీ.

నవ్విన పెద్దలయందు నాకు గౌరవము తగ్గలేదు. వారి తల్లిగారి ఆవకాయను నేనును తినినవాడను. ఆ చేతి గుణమును అంకెలలోనికి ఎక్కించి, మనుమలకు అందింపగల బాలిక మన వాకిట నిలిచి యున్నది. లోనికి రమ్మనుట మన ధర్మము. నా మాటలలో కటువున్నచో మన్నింపుడు. అబద్ధమున్నచో సభలో ఖండింపుడు.