విడిది ఇళ్లు పోయాయి, లాడ్జీలే దిక్కు

బరంపురంలో మన పెళ్లిళ్లకి మూడుముళ్లు పడేది ఏ అర్ధరాత్రో, తెల్లవారుజామునో. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చే బంధువులు ముందురోజు సాయంత్రానికే రైలు దిగిపోతారు. ఒకప్పుడు వీరికి వీధిలోనే విడిది దొరికేది. పక్కింటివారు ముందుగది, ఎదురింటివారు డాబా ఖాళీ చేసి ఇచ్చేవారు. ఆ ఇళ్లు అపార్టుమెంట్లయ్యాయి. విడిది బరువంతా ఇప్పుడు స్టేషను రోడ్డు, గాంధీనగర్ లాడ్జీల మీద పడింది.

మండపానికి, భోజనాలకి, ఫొటోలకి ఆర్నెల్ల ముందే అడ్వాన్సులిస్తాం. గదుల సంగతి మాత్రం శుభలేఖలు పంచాక గుర్తొస్తుంది. అప్పటికి ఏం మిగులుతాయి? ఎంకేసీజీ ఆస్పత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్లు ఏడాది పొడుగునా లాడ్జీల్లో ఉంటారు. వాళ్లని తప్పుపట్టలేం. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర సమయంలోనైతే బడాబజార్ వైపు గది కాదుకదా, కారు నిలిపే చోటే దొరకదు. సరే, గోపాలపురం బీచిలో దించుదామంటారు కొందరు. కుర్రకారుకి బాగానే ఉంటుంది. రాత్రి 2 గంటల ముహూర్తానికి మోకాళ్ల నొప్పుల పెద్దమ్మని 16 కిలోమీటర్లు ఎవరు తీసుకొస్తారు? గది చిన్నదైనా పర్వాలేదు, పెద్దవాళ్లకి మండపం దగ్గరే చూడాలి. లిఫ్టు ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

అద్దె ఒక్కటే అడిగి వచ్చేస్తే చాలదు. రోజు లెక్క ఎలా కడతారన్నది అసలు ప్రశ్న. మధ్యాహ్నం 12కి ఖాళీ చేయాలనే చోట సాయంత్రం 6కి దిగినవాళ్లు మర్నాడు పెళ్లి భోజనం చేసి వచ్చేసరికి రెండోరోజు అద్దె పడిపోతుంది. 24 గంటల పద్ధతి ఉన్న లాడ్జీలో 200 ఎక్కువైనా లాభమే. పన్ను కూడా చూసుకోవాలి. 1000 రూపాయల లోపు గదికి 2022 జూలై 18 నుంచి 12 శాతం జీఎస్టీ వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7500 వరకు ఉన్న గదులకి అది 5 శాతమే. ఇంకా పాత లెక్కలో బిల్లు రాస్తుంటే నిలదీయాలి.

అన్నిటికంటే బాధపెట్టేది అడ్వాన్సుల వ్యవహారం. ఇంట్లో మైల వస్తే ముహూర్తం మారుతుంది. పది గదులకి కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాదు. పుట్టెడు దుఃఖంలో ఉన్నవాళ్లు కౌంటరు దగ్గర బతిమాలుకోవాలా? తిరిగివ్వకపోతే పోయె, కొత్త తేదీకి సర్దుబాటు చేస్తామని రసీదు మీద రాసివ్వడానికి హోటళ్లవారికి అభ్యంతరం ఉండకూడదు. రాయని చోట మనం కట్టకూడదు.

మన సంఘాలవారికీ ఓ మాట. కల్యాణమండపాలకి ఏసీలు పెట్టించారు, సంతోషం. పైన నాలుగు గదులు, ఆడవాళ్లు చీర మార్చుకోవడానికి తాళం పడే గది ఒకటి, సరిపడా స్నానాలగదులు కట్టిస్తే సగం మంది లాడ్జీ మెట్లెక్కే పనే ఉండదు. చందాలు అడిగేటప్పుడు ఈ పని చెప్పి అడగండి, ఇస్తారు.

శుభలేఖ అచ్చు వేయించేవాళ్లు ‘బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా’ అని పూర్తిగా వేయించండి. పశ్చిమ బెంగాల్ ముర్షిదాబాద్ జిల్లాలోనూ ఈ పేరుతోనే ఊరుంది. మన స్టేషన్‌ని రైల్వేవారు బ్రహ్మపూర్ అంటారు. హైదరాబాద్‌లో కూర్చుని ఇంటర్నెట్‌లో గది బుక్ చేసే మేనల్లుడికి ఈ తేడా మనం చెబితేనే తెలుస్తుంది.