ఉబ్బిన బ్యాటరీ ఎవరి ఖాతాలో?

మా లాబొరేటరీలో ఒక చెక్క బీరువా ఉంది. పై అరలో ఎసిటోన్, ఆల్కహాలు సీసాలు. కింది అరలో ఏళ్ళ తరబడి పేరుకున్న ప్రాజెక్టు సామాను. మొన్న వేసవి సెలవులకు ముందు ఏదో వైరుముక్క కోసం ఆ అర గాలిస్తే తొమ్మిది లిథియం బ్యాటరీలు బయటపడ్డాయి. తాళంచెవులు, స్క్రూడ్రైవర్ల మధ్య ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అందులో రెండు పూరీల్లా పొంగాయి.

"ఇవింకా ఇక్కడెందుకున్నాయన్నా?" అని అటెండరు గారిని అడిగాను.

"స్టాకు రిజిస్టర్ల ఎక్కినయి తమ్మీ. కమిటీ కూసోని కండెమ్ అని రాసేదాంక బయటికి పోవద్దు. ఒక్కటి తక్కువైనా నా జీతంలకెల్లి కోస్తరు."

నవ్వొచ్చింది గానీ, ఆ బీరువా తలుపు మూసేటప్పుడు భయం కూడా వేసింది. ఆయనది తప్పని నేననను. తప్పు రిజిస్టరుది. మనం బ్యాటరీని వోల్టుమీటరు పక్కన, పరికరాల పద్దులో రాసుకుంటున్నాం. వోల్టుమీటరు చెడిపోయి పదేళ్ళు మూలన పడి ఉన్నా ఎవరికీ హాని లేదు. బ్యాటరీ సంగతి అది కాదు. దాన్ని రసాయనాల రిజిస్టరులో రాయాలి, యాసిడ్ సీసాకు చూపే మర్యాదే దానికీ చూపాలి. ఈ వ్యాసంలో నేను అడిగేది ఇంతే.

ఎందుకో చెబుతాను. ఆర్ట్స్ మిత్రులు కాస్త ఓపిక పట్టాలి. లిథియం-అయాన్ సెల్లులో ఒకవైపు గ్రాఫైటు, మరోవైపు లోహపు ఆక్సైడు, రెంటి మధ్య కాగితం కంటే పలుచటి ప్లాస్టిక్ పొర. ఇవన్నీ నానుతున్నది నీళ్ళలో కాదు, నిప్పు తగిలితే మండే కర్బన ద్రావణంలో. సెల్లు దెబ్బతిన్నా, ఎక్కువ చార్జి అయినా లోపల వేడి పుడుతుంది. 130 డిగ్రీల ప్రాంతంలో పాలిథిన్ పొర కరుగుతుంది. ఇటూ అటూ కలిసిపోతాయి. ఇంకా వేడెక్కితే ఆక్సైడులోంచే ఆక్సిజను విడుదలవుతుంది. ఇక బయటి గాలి అందకుండా చేసినంత మాత్రాన మంట ఆగదు. పక్క సెల్లు వేడెక్కుతుంది, దాని పక్కది వేడెక్కుతుంది. ఆరిందనుకున్నది గంటల తర్వాత మళ్ళీ అంటుకోవచ్చు. పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడు ఉంటుంది, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఉబ్బడమంటే లోపల వాయువులు పుట్టాయని సెల్లు ముందుగా ఇచ్చే నోటీసు. మనం ఆ నోటీసును ఎసిటోన్ సీసాల కింద దాచాం!

ఇదంతా పుస్తకాల భయం అనేవారికి 2022ను గుర్తు చేస్తాను. ఆ ఏప్రిల్‌లో ఇంట్లో చార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి నిజామాబాద్‌లో ఒక వృద్ధుడు, విజయవాడలో మరొకరు చనిపోయారు. సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. కింది పొగ మెట్ల దారినే పైకి ఎక్కింది. మా లాబొరేటరీకీ మెట్లు ఒకవైపే ఉన్నాయి. పై అంతస్తులో క్లాసులు జరుగుతాయి.

మాది నర్మెట్ట. ఊళ్ళో సెల్‌ఫోన్లు బాగుచేసే అన్న ఒకాయన ఉన్నాడు. చదివింది పదో తరగతి వరకే. ఆయన దుకాణం ముందు, గోడకు దూరంగా ఒక రేకు డబ్బా, అందులో ఎండిన ఇసుక. పొంగిన బ్యాటరీ ఏది వచ్చినా కొనలకు టేపు చుట్టి అందులో పెడతాడు. మూత బిగించడు. "బిగిస్తే డబ్బానే పేలుతది" అంటాడు. నేను ఎమ్మెస్సీ చదువుతున్నానని తెలిసి ఓసారి అడిగాడు: "మీ కాలేజీల ఇవి యాడ పెడతరు తమ్మీ?" నేను మాట మార్చాను.

ఆ డబ్బా ఖరీదు ఎంత? మన సావనీరు అట్టమీద బొమ్మకయ్యే ఖర్చు కూడా కాదు.

మిగతా జాగ్రత్తలూ కష్టమైనవేం కావు. రాత్రి చార్జింగు పెట్టి హాస్టలుకు పోవద్దు. ప్రాజెక్టు గడువు దగ్గరపడితే మనమంతా చేసే పని ఇదే, నేనూ చేశాను. సెల్లుకు 4.2 వోల్టులు దాటనివ్వని సరైన చార్జరు వాడాలి, ఎదురుగా మనిషి ఉండాలి. దాచేటప్పుడు నిండుగా నింపకూడదు, సగం చార్జి చాలు. విమానాల్లో విడిగా సరుకుగా పంపే లిథియం-అయాన్ బ్యాటరీలకు 2016 నుంచి 30 శాతం మించకూడదనే నియమం ఉంది. పూర్తిగా చచ్చిన సెల్లును మళ్ళీ బతికించే ప్రయోగాలు వద్దు. మరీ దిగిపోయిన సెల్లులో రాగి రేకు కరిగి, తిరిగి చార్జి చేసినప్పుడు లోపలే షార్టుకు దారి తీస్తుంది. ఇక మే నెలలో తాళం వేసిన గది ఎంత కాగుతుందో మన ప్రాంతం వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

పరిశోధన చేసే అన్నలు, అక్కలు వాడే లిథియం లోహం మాత్రం వేరే జాతి. సోడియంలాగా కిరోసిన్‌లో ముంచుదామంటే మునగదు, అంత తేలిక, పైకి తేలుతుంది. నైట్రోజనుతో కూడా కలుస్తుంది కాబట్టి ఆర్గాన్ నింపిన పెట్టెలోనే పని. లిథియం-అయాన్ ప్యాకు అంటుకుంటే చల్లార్చడానికి ధారాళంగా నీళ్ళు కావాలి. లోహం అంటుకుంటే నీళ్ళు పోయనే కూడదు, కార్బన్ డయాక్సైడు సిలిండరూ పనికిరాదు, దానికి ప్రత్యేకమైన పొడి ఉండాలి. మా గోడకు వేలాడే ఎర్ర సిలిండరు ఈ రెంటిలో దేనికి పనికొస్తుందో రాసిన చీటీ ఎక్కడా లేదు.

2022 ఆగస్టులో కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నియమాలు తెచ్చింది. పాతవాటిని చెత్తలో కలపకూడదు, సేకరించే వారికి అప్పగించాలి. అంటే బయటికి పంపే దారి చట్టంలో ఉంది. మన దగ్గర లేనిది కమిటీ కూర్చునే తేదీ. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వారి బ్యాటరీ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగినప్పుడు మా క్లాసులో ఉద్యోగాల గురించి ఎంత సంబరం! అక్కడికి ఇంటర్వ్యూకు పోయి, ఉబ్బిన సెల్లును ఏం చేస్తావంటే కండెమ్ కమిటీ కోసం దాచి పెడతామని చెబుదామా?

గురువులు కోపగించుకోకపోతే ఒక్క మాట. ప్రమాదం జరిగితే విచారణ సంఘం ఒక్కరోజులో కూర్చుంటుంది. అదే సంఘం ముందే ఒక పూట కూర్చోలేదా?

బ్యాటరీలను రసాయనాల పద్దుకు మార్చాలని, ఉబ్బినవాటిని కమిటీ కోసం ఆపకుండా పంపే అధికారం లాబొరేటరీ ఇన్‌చార్జికి ఇవ్వాలని పద్నాలుగు మందిమి సంతకాలు చేసి దరఖాస్తు ఇచ్చాం. అది ఆఫీసులో ఉంది. తొమ్మిది బ్యాటరీలు మాత్రం ఇప్పుడు బీరువాలో లేవు. వరండా చివర, ఎవరూ కూర్చోని చోట, ఇసుక పోసిన రేకు డబ్బాలో ఉన్నాయి. అటెండరు గారు రిజిస్టరులో "స్థలం మార్పు" అని రాసి, కింద నాచేత సంతకం పెట్టించుకున్నారు.