దరఖాస్తులో దాచరాని విషయములు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమునుండి మన తెలుగు సోదరి యొకరు గడచిన మాసమున మాకొక దీర్ఘమైన లేఖ వ్రాసిరి. వారు స్వదేశమున నర్సింగు పట్టము పొంది, అచ్చటి కేగి, ఆస్పత్రిలో నర్సుగా పనిచేయుచునే మాస్టర్సు చదివి, తొమ్మిది సంవత్సరములనుండి యొక క్లినిక్కులో ఫ్యామిలీ నర్సు ప్రాక్టిషనరుగా రోగులను చూచుచున్నారు. ఇప్పుడొక పెద్ద ఆస్పత్రివారు తమ ఇంటెన్సివ్ కేర్ విభాగమున ఉద్యోగ మిచ్చుటకు సుముఖులై, అందుకు అక్యూట్ కేర్ సర్టిఫికేటు చదువు కావలెననిరట. పిల్లలు నిద్రించిన పిమ్మట, ఎవరికిని తెలియకుండ, ఆమె ఆ చదువునకు దరఖాస్తు వ్రాసికొనుచున్నారు.

ఆమె మమ్ము రెండు ప్రశ్న లడిగిరి. పిల్లలు పుట్టినపుడు మూడేండ్లు ఉద్యోగము మానిన సంగతియు, మాస్టర్సులో పాథోఫిజియాలజీయందు మార్కులు తక్కువగా వచ్చిన సంగతియు దరఖాస్తులో ప్రస్తావింపకుండుట తప్పా యనునది మొదటిది. సీటు వచ్చిన తరువాతనే అత్తగారికిని భర్తగారికిని చెప్పవచ్చునా యనునది రెండవది. ముందుగా చెప్పినచో నలువది దాటిన వయస్సున మరల చదువేమిటందురని ఆమె భయము.

ఈ విషయ మెరుగని సోదరీమణులకొరకు ముందుగా కొన్ని మాటలు చెప్పవలసియున్నది. నర్సు ప్రాక్టిషన రనగా రోగిని పరీక్షించి, రోగనిర్ణయము చేసి, మందులు వ్రాయుటకు తగిన చదువును లైసెన్సును గల నర్సు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్ అను నర్సును, హెన్రీ సిల్వర్ అను పిల్లల వైద్యుడును కలిసి ఈ విద్యను ప్రారంభించిరి. ఫోర్డ్ గారు 104 ఏండ్లు జీవించి 2025లో కన్నుమూసిరి.

ఆ విద్య కాలక్రమమున శాఖలుగా పెరిగినది. అమెరికాలోని నర్సింగు సంస్థలు 2008లో ఏకాభిప్రాయముతో నొక పద్ధతి నేర్పరచుకొని, పెద్దల వైద్యమునందును పిల్లల వైద్యమునందును ప్రైమరీ కేర్, అక్యూట్ కేర్ అను భేదమును స్పష్టము చేసినవి. ఈ భేదము రోగి పరుండిన గదిని బట్టి కాక, రోగి స్థితిని బట్టి యేర్పడినది. నిలకడగా నున్న మధుమేహమునకు మందు సరిచూచుట ప్రైమరీ కేర్. శ్వాసయంత్రముమీద నుండి, రక్తపుపోటు పడిపోవుచు, గంటగంటకు మందు మోతాదు మార్చవలసిన రోగిని చూచుట అక్యూట్ కేర్. మన సోదరి చదివినది మొదటిది. పిలుపు వచ్చినది రెండవదానికి. అందుచేత ముందు ఉద్యోగములో చేరుము, సర్టిఫికేటు తరువాత చూచుకొందమని ఎవరైన ననినచో ఆమె అంగీకరింపరాదు. తాను నేర్వని పనిలో రోగికి కీడు జరిగిననాడు నర్సింగు బోర్డు ప్రశ్నించునది ఆమెనే. పోవునది ఆమె లైసెన్సే.

మాస్టర్సు ముగించినవారు ఇందుకై రెండవ మాస్టర్సు చదువ నక్కరలేదు. వారికొరకే పోస్ట్-గ్రాడ్యుయేట్ సర్టిఫికేటు లున్నవి. పాఠశాలవారు అభ్యర్థిని పాత మార్కుల పట్టికను తమ పాఠ్యక్రమము ప్రక్క నుంచి, ఏది చదివినారు, ఏది లోటు అని పంక్తి పంక్తికి పోల్చి చూతురు. ఆ లోటు నింపుటయే ఈ చదువు. పాథోఫిజియాలజీ, ఔషధ విజ్ఞానము, రోగి శరీర పరీక్ష అను మూడును ముఖ్యముగా చూచు పాఠములు.

మొదటి ప్రశ్నకు సమాధాన మిందులోనే కలదు. లోటులు వెదకుటకే కూర్చున్నవారియొద్ద లోటు దాచి ప్రయోజనమేమి? మార్కుల పట్టిక విశ్వవిద్యాలయమునుండి నేరుగా వారికి చేరును. ఉద్యోగముల తేదీలలో మూడేండ్ల ఖాళీ కంటికి కనబడుచునే యుండును. మనము చెప్పనిచో వారే ఏదో ఊహించుకొందురు. కావున ఆమె తన నివేదనలో పిల్లల పెంపకముకొరకు ఫలానా ఏండ్లలో పని మానితినని ఒక వాక్యమున వ్రాయవలెను. ఆ పాఠమున మార్కులు తగ్గినవనియు, దానిని మరల చదువుటకు సిద్ధముగా నున్నాననియు మరియొక వాక్యమున వ్రాయవలెను. క్షమాపణలు వలదు, సాకులును వలదు. అక్యూట్ కేరున కంతటికిని పునాది ఆ పాఠమే గనుక, దానిని తిరిగి చదువుట ఆమెకే మేలు.

నివేదనలో చిన్ననాటినుండి రోగులసేవ యన్న మక్కువ యని ఆరంభింపవలదు. అట్లు వ్రాయువారు పలువురు. తన క్లినిక్కునకు వచ్చిన రోగి యొకరిని అత్యవసరముగా ఆస్పత్రికి పంపివేయవలసివచ్చిన దినమును, తన చదువు ఎచ్చట నాగిపోయినదో ఆనాడు తెలిసిన విధమును వ్రాసినచో చాలును. రోగి పేరుగాని, గుర్తించుటకు వీలగు వివరముగాని అందులో నుండరాదు. సిఫారసు లేఖలు కోరునపుడు తన పనిని కన్నులార చూచినవారినే కోరవలెను; వారికి కనీస మొక మాసము వ్యవధి నీయవలెను.

రుసుము కట్టకముందే పాఠశాలవారి నడుగవలసినవి కొన్ని యున్నవి. ఆ సర్టిఫికేటు చదువునకు గుర్తింపు కలదా? దూరవిద్య యైనచో టెక్సాసు వాసులను చేర్చుకొనుటకు వారి కనుమతి కలదా? క్రిటికల్ కేరులో నర్సుగా ఎన్నేండ్ల అనుభవము కోరుదురు? ముగించిన పిమ్మట జాతీయ పరీక్షకు అర్హత కలుగునా? ఆస్పత్రిలో దగ్గరనుండి నేర్పు ప్రిసెప్టరును పాఠశాలవారే చూపుదురా, విద్యార్థినియే వెదకుకొనవలెనా? ఈ కడపటి ప్రశ్న అడుగక చేరి, నేర్పువారు దొరకక నెలలు పోగొట్టుకొన్నవారు కలరు.

రోగులయొద్ద గడపవలసిన గంటలను గూర్చియు అడుగవలెను. పూర్వము నర్సు ప్రాక్టిషనరు చదువునకు కనీసము 500 గంటలు నియమము. 2022లో సవరించిన ప్రమాణములు దానిని 750కి పెంచినవి. ముందే ప్రాక్టిషనరైనవారికి ఎన్ని గంటలన్నది పాఠశాల నిర్ణయించును. వారమునకు రెండు దినములు, దినమునకు 12 గంటల చొప్పున లెక్కించినచో 500 గంటలకు ఇంచుమించు 21 వారములు, 750 గంటలకు 31 వారములకు పైగా పట్టును.

ఇక రెండవ ప్రశ్న. ఆ గంటలు ఎచ్చటినుండి వచ్చును? ఇంటినుండియే గదా! ఆ రెండు దినములు పిల్లలను బడినుండి తెచ్చువా రెవరు? రాత్రి వంట యెవరిది? జీతము తగ్గిన నెలలలో ఇంటి అప్పు వాయిదా యెట్లు? వీనికి ఉత్తరము చెప్పవలసినవారు భర్తగారును అత్తగారును. సీటు వచ్చిన తరువాత చెప్పుట వారి సలహా నడుగుట కాదు, తీర్పు చదివి వినిపించుట. అట్లు విన్నవారికి చదువు సంగతి తరువాత, తమతో చెప్పలేదను బాధయే మొదట తగులును.

కావున, సోదరీ, దరఖాస్తు పంపకమునుపే ఒక ఆదివారము వారిని కూర్చుండబెట్టి, వారముల పట్టికను, ఖర్చుల లెక్కను ముందుంచుడు. ఆస్పత్రివారు ఫీజులో కొంత భరింతురేమో, భరించినచో ఎన్నేండ్లు అచ్చటనే పని చేయవలెనో ముందే కనుగొని చెప్పుడు. మీకు ఏ సహాయము కావలెనో పేరుపేరున అడుగుడు. వారు వలదన్నచో కారణము వినుడు. న్యాయమైనదైన ఒక యేడు ఆగుటలో నష్టము లేదు. కారణము వయస్సు మాత్రమే యైనచో వెనుకాడ నక్కరలేదు. లైసెన్సు మీది, శ్రమయు మీది. కడపటి నిర్ణయమును మీదే. కాని అది వెలుతురులో చేసిన నిర్ణయమై యుండవలెను.

ఈ పుట చదువు అత్తగార్లకును ఒక మనవి. మీ కోడలు రాత్రివేళ చాటుగా చదువుకొనుచున్నదనిన, ఆమె భయపడినది చదువునకు కాదు, మీ మాటకు. ఆ భయము తీర్పగలవారు మీరే.

మన దేశమున నర్సింగు చదువుచున్న కుమార్తెలు గల తల్లులు మరియొక సంగతి తెలిసికొనదగును. ఇచ్చట భారత నర్సింగు మండలి క్రిటికల్ కేరులో నర్సు ప్రాక్టిషనరు విద్యను రెండేండ్ల రెసిడెన్సీ చదువుగా నేర్పరచినది. బి.ఎస్సీ. నర్సింగు ముగించి, ఆస్పత్రిలో కనీస మొక యేడు పనిచేసినవారు దానికి అర్హులు. అమెరికాలోని సర్టిఫికేటును ఇదియు ఒక్కటే యని భ్రమపడరాదు.

మన సోదరి దరఖాస్తు ఏ తీరున ముగిసినను మాకు మరల వ్రాయుదురుగాక. ఆమె ఇంటివారు ఏమనిరో తెలిసికొనవలెనని మాకు మిక్కిలి కుతూహలముగా నున్నది.