ఫోన్ వెనక పెద్ద లెన్స్ పేరు ఉంటే ఎక్కువ డబ్బులు పెట్టాలా?

జైస్, లైకా, హాసెల్‌బ్లాడ్... ఫోన్ వెనక ఈ పేర్లలో ఒకటి కనపడితే చాలు, కెమెరా కేక అని ఫిక్స్ అయిపోతాం. నేనూ అంతే. అలాంటి పేరున్న ఫోన్ ఒకటి పట్టుకుని టేకులపల్లి వెళ్లొచ్చాక ఆ మోజు కాస్త తగ్గింది. ఏ ఫోన్ అనేది చెప్పను, ఈ గోల ఒక్క కంపెనీది కాదు.

సాయంత్రం టేకు ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా దిగుతుంటుంది. పోర్ట్రెయిట్‌కి ఇంతకంటే మంచి పరీక్ష ఏముంటుంది? తమ్ముణ్ణి నిలబెట్టి క్లిక్ చేశా. స్క్రీన్ మీద అదిరింది. జూమ్ చేస్తే చెవి పక్కన జుట్టు సగం మాయం, వాడి వెనక ఉన్న ఆకు మాత్రం భుజానికి అంటుకుని షార్ప్‌గా ఉంది. అంటే ఆ బ్లర్ లెన్స్‌ది కాదు, సాఫ్ట్‌వేర్‌ది.

తప్పు లెన్స్‌ది కూడా కాదు లెండి. 1 ఇంచ్ సెన్సర్ ఉన్న ఫోన్‌లో ఎఫ్/1.8 అంటే, బ్లర్ విషయంలో ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో దాదాపు ఎఫ్/5తో సమానం. చాలా ఫోన్లలో సెన్సర్ ఇంకా చిన్నది. ఏ పేరు చెక్కినా ఈ లెక్క మారదు.

జైస్ పాత బయోటార్ 58 ఎంఎం లెన్స్‌నే తీసుకోండి. బ్యాక్‌గ్రౌండ్ సుడి తిరిగినట్టు రావడం దాని ఫేమస్ లుక్. నిజానికి అది ఫ్రేమ్ అంచుల్లో వచ్చే లోపం! అప్పటి డిజైనర్లు వదిలించుకోలేకపోయిన దాన్ని ఇప్పుడు వివో ఫోన్లలో ఫీచర్‌గా కోడ్ రాసి ఇస్తున్నారు. నాకైతే నవ్వొస్తుంది.

అలాగని పేరంతా ఉత్తదే అనను. కోటింగ్ లేని గాజు మీద పడే వెలుతురులో ఒక్కో వైపు 4 శాతం దాకా వెనక్కి పోతుంది. దాన్ని తగ్గించే కోటింగ్‌ని 1935లోనే జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టారు. కలర్ ట్యూనింగ్‌లోనూ తేడా తెలుస్తుంది. లైకా పేరున్న షావోమీ ఫోన్లలో నీడల్ని నీడల్లాగే వదిలే మోడ్ నాకు ఇష్టం. కానీ వన్‌ప్లస్ 2021లో 9 సిరీస్‌తో పెట్టుకున్న హాసెల్‌బ్లాడ్ పేరుని 15 దగ్గరికొచ్చేసరికి తీసేసింది. పేరు అంత ఈజీగా ఊడొచ్చేదే.

సెన్సర్ ఒకటే అయితే, పేరు కోసం ఐదు వేలు ఎక్కువ నేను పెట్టను. షాపులో ఫ్రెండ్ ఫోన్ టార్చ్ వెలిగించి ఫ్రేమ్ మూలలో ఉంచి ఫొటో తియ్యండి. ఎదురు మూలలో ఆకుపచ్చ చుక్కలు తేలితే, కోటింగ్ గురించి సేల్స్‌మన్ చెప్పేది వినక్కర్లేదు.